వీఎమ్‌లో పేజ్‌మేకర్ తెరుచుకుంది, ప్రింటర్ మాత్రం కనపడట్లేదు: ఏం చేయాలి?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా డీటీపీ షాపుల వాళ్ళ కోసం. విజయవాడ గవర్నర్‌పేటలో గానీ, గుడివాడ, మచిలీపట్నంలో గానీ శుభలేఖలు, కరపత్రాలు చేసే షాపుల్లో ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడేవాళ్ళు ఉన్నారు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగిపోయింది 2014 ఏప్రిల్ 8న. మరి ఎందుకు వదలట్లేదు? పాత అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేకుండా ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తాయి. ఏళ్ళ తరబడి చేసిన పనంతా అందులోనే ఉంది కదా!

అందుకే కొత్త కంప్యూటర్లో వర్చువల్‌బాక్స్ వేసి, దాని లోపల ఎక్స్‌పీ నడుపుతారు. తీరా ప్రూఫ్ తీద్దామంటే ప్రింటర్ దొరకదు. బయట విండోస్ నుంచి అదే ప్రింటర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ముహూర్తాల రోజులు, పెళ్ళివాళ్ళు ఎదురుగా కూర్చుని ఉంటారు. అప్పుడు చాలామంది ప్రింటర్ డ్రైవర్ తీసి మళ్ళీ వేస్తారు. తప్పు అక్కడ లేదండీ.

వర్చువల్‌బాక్స్ మామూలుగా నాట్ అనే పద్ధతిలో నడుస్తుంది. లోపలి ఎక్స్‌పీకి 10.0.2.15 లాంటి ఐపీ వస్తుంది. మీ ప్రింటర్ ఏ 192.168.1.50 లోనో ఉంటుంది. అంటే రెండూ వేరే అపార్ట్‌మెంట్లు. ఒక అపార్ట్‌మెంట్‌లో మైకులో పిలిస్తే పక్క అపార్ట్‌మెంట్‌కి వినపడదు. ప్రింటర్ని ‘సెర్చ్’ చేయడం అంటే ఆ పిలుపే. కానీ డోర్ నంబర్ రాసి కొరియర్ పంపితే చేరుతుంది. కాబట్టి వెతకొద్దు, అడ్రస్ ఇవ్వండి.

ముందు ప్రింటర్ మెనూలో దాని ఐపీ చూసుకోండి. తర్వాత ఎక్స్‌పీ కమాండ్ ప్రాంప్ట్‌లో టెల్‌నెట్ అని, ఆ ఐపీ, పక్కన 9100 కొట్టండి. స్క్రీన్ ఖాళీగా నల్లగా అయితే దారి తెరిచి ఉన్నట్టే. అక్కడ ఏమీ టైప్ చేయకుండా విండో మూసేయండి. ఎర్రర్ వస్తే వీఎమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ చూడండి. ‘హోస్ట్ ఓన్లీ’ అని ఉంటే ప్రింటర్ దాకా వెళ్ళదు, నాట్‌కి మార్చండి.

దారి ఉందా? యాడ్ ప్రింటర్‌లోకి వెళ్ళి ‘లోకల్ ప్రింటర్’ ఎంచుకోండి. అవును, నెట్‌వర్క్ ప్రింటర్ అయినా సరే లోకలే. ఆటోమేటిక్‌గా వెతికే టిక్ తీసేయండి. కొత్త పోర్ట్‌లో ‘స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్’ పెట్టి ఐపీ ఇవ్వండి. రౌటర్లో ఆ ఐపీని ప్రింటర్‌కే రిజర్వ్ చేయండి. లేకపోతే ఏదో ఒక రోజు ఐపీ మారి, కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఇప్పుడు డ్రైవర్. కొత్త ప్రింటర్లలో చాలావాటికి ఎక్స్‌పీ డ్రైవర్ రాదు. మీ ప్రింటర్‌కి పీసీఎల్ లేదా పోస్ట్‌స్క్రిప్ట్ అర్థమైతే, ఎక్స్‌పీలోనే ఉన్న పాత లేజర్‌జెట్ డ్రైవర్లలో ఒకటి పెట్టి చూడండి. చవక ప్రింటర్లలో ఆ రెండూ లేనివి ఉంటాయి. వాటికి ఒకటే దారి: ఎక్స్‌పీలో పీడీఎఫ్ చేసి, షేర్డ్ ఫోల్డర్ ద్వారా బయటికి తెచ్చి, బయటి విండోస్ నుంచి ప్రింట్ ఇవ్వడం. ఫాంట్లు పీడీఎఫ్‌లో ఎంబెడ్ అయితే తెలుగు చెదరదు. యూఎస్‌బీ ప్రింటర్ ఉన్నవాళ్ళకీ ఇదే మంచిది.

చివరిగా ఒక హెచ్చరిక. బయటి విండోస్‌లో ప్రింటర్ని షేర్ చేసి ఎక్స్‌పీ నుంచి పట్టుకుందామని కొందరు ఎస్ఎమ్‌బీ వన్ ఆన్ చేస్తారు. ఎక్స్‌పీకి తెలిసింది అదొక్కటే మరి. 2017లో వానాక్రై పాకింది ఆ దారిలోనే. ఒక్క ప్రూఫ్ కోసం షాపు ఫైళ్ళన్నీ పణంగా పెట్టకండి. పీడీఎఫ్‌కి పట్టేది రెండు నిమిషాలే. ఉంటానండీ.