గ్రూపుకు వచ్చిన గ్రాంటు లెక్క ఊరి గోడ మీద ఉండాలి

ఘనజీవామృతం ఎంత వేయాలి, నవధాన్యాలు ఎప్పుడు చల్లాలి అని ఎప్పుడూ మాట్లాడుకునేదే. ఈ వీడియోలో మాత్రం డబ్బు సంగతి చెప్పాను. మన గ్రూపు పేరు మీద ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు ఎక్కడెక్కడికి పోతుంది, మనం ఎలా తెలుసుకోవాలి అన్నది విషయం. వీడియోలో గబగబా చెప్పిన అంకెలు ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

పరంపరాగత్ కృషి వికాస్ యోజననే తీసుకోండి. 2015-16లో మొదలైంది. మన రాష్ట్రాల్లో ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. సవరించిన లెక్క ప్రకారం హెక్టారుకు మూడేళ్లకు 31,500 రూపాయలు. అందులో 15,000 నేరుగా రైతు ఖాతాలో పడాలి. మిగతాది ఇలా: శిక్షణకు 9,000, మార్కెటింగ్, ప్యాకింగ్‌కు 4,500, సర్టిఫికేషన్, అవశేషాల పరీక్షకు 3,000.

ఇప్పుడు 20 హెక్టార్ల గ్రూపుకు లెక్క కట్టండి. మొత్తం 6,30,000. రైతుల ఖాతాల్లోకి 3,00,000. మిగిలిన 3,30,000 మన చేతికి రాదు, మన కోసం ఖర్చవుతుంది. అంటే సగం కంటే ఎక్కువ!

మా గ్రూపు మీటింగులో ఈ మాట అడిగాను. ఖాతాలో ఎంత పడిందో అందరూ టకటకా చెప్పారు. శిక్షణకు ఎంత ఖర్చయిందంటే ఒక్కరూ నోరు విప్పలేదు. ఎవరో తినేశారని నేను అనడం లేదు. లెక్క కనిపించకపోతే నిజాయితీగా పనిచేసిన వాళ్లమీద కూడా అనుమానం వస్తుంది. పైగా నష్టం మనదే. పురుగు పడకముందు జరగాల్సిన కషాయాల శిక్షణ కోత అయ్యాక జరిగినా, సర్టిఫికెట్ రాక మన పంట మామూలు ధరకే పోయినా అడిగేందుకు ఆధారం ఉండదు.

నిజానికి మనం అడగకముందే ఇది బయట పెట్టాలని చట్టం ఉంది. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) ప్రకారం కేటాయించిన బడ్జెట్, చేసిన చెల్లింపులు, సబ్సిడీ పథకాల అమలు తీరు, లబ్ధిదారుల వివరాలు ప్రభుత్వ శాఖలు తమంతట తామే ప్రకటించాలి. స్థానిక భాషనూ దృష్టిలో పెట్టుకోవాలని సెక్షన్ 4(4) చెబుతోంది.

పెట్టకపోతే దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయొచ్చు. "ఎందుకు ఇవ్వలేదు" అని రాయకండి, రికార్డు అడగండి. ఇలా:

1. మా గ్రూపుకు ఏ ఏడాది ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది? పద్దుల వారీగా ఇవ్వండి.
2. శిక్షణలు జరిగిన తేదీలు, స్థలాలు, హాజరు పట్టీలు, బిల్లుల నకళ్లు ఇవ్వండి.
3. సర్టిఫికేషన్, మార్కెటింగ్ పనులు ఎవరికి అప్పగించారు, ఎంత చెల్లించారు?

తోటి రైతుల ఆధార్, బ్యాంకు వివరాలు మాత్రం అడగొద్దు. 2023 డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని మార్చింది. ఇక వ్యక్తిగత సమాచారం అని చెప్పి తిప్పి పంపడం తేలిక. పద్దుల వారీ మొత్తం ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదు కదా.

ఇది మనకు కొత్తేమీ కాదు. ఉపాధి హామీ పనుల లెక్కలు సామాజిక తనిఖీలో ఊరందరి ముందు చదవడం మన పల్లెలు చూశాయి. పీజీఎస్ పద్ధతిలో మనం ఒకరి చేను ఒకరం తనిఖీ చేసుకుంటాం. యూరియా వేశాడా లేదా అని పక్క రైతును మొహమాటం లేకుండా అడుగుతాం. అదే మాట డబ్బు గురించి అడగడానికి మొహమాటం దేనికి?

ముందు మన ఇంట్లోంచే మొదలుపెడదాం. గ్రూపు ఖాతాలో వచ్చింది, పోయింది, మిగిలింది అని మూడు గళ్లు గీసి, రైతులు కూర్చునే చోట గోడ మీద రాయండి. ప్రతి మీటింగులో ఒకరు పైకి చదవండి. మన లెక్క బయట పెట్టాక ఆఫీసు లెక్క అడగడానికి గొంతు దానంతట అదే వస్తుంది.