మొగలో నీళ్లు ఎప్పుడు ఉప్పెక్కుతాయి? నోటుబుక్కులో వేసుకునే లెక్క

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో, గౌతమి పక్కనున్న మా పాయలో నీళ్లు దోసిట్లో తీసుకుని రుచి చూసి, బాగానే ఉన్నాయని కూరగాయల నారుమడికి మోటారు వేశాను. నాలుగో రోజుకి ఆకుల అంచులు మాడాయి. నారంతా పోయింది. తప్పు నాదే. నేను రుచి చూసింది పైనీళ్లు, ఫుట్‌వాల్వు ఉన్నది అడుగున. ఉప్పునీరు బరువు కదా, మంచినీళ్ల కిందుగా దూరి లోపలికి వస్తుంది.

జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరంలో గేట్లు ఎత్తితే ఎర్రనీరు సముద్రాన్ని వెనక్కి నెట్టేస్తుంది. పులస ఎదురెక్కేది కూడా అప్పుడే. వానలు తగ్గాక నీళ్లన్నీ కాలవలకే పోతాయి, బ్యారేజీ కింద నదిలోకి సముద్రం మళ్లీ ఎక్కుతుంది. మే నెలకి ఉప్పు బాగా పెరుగుతుంది.

దీన్ని లెక్కలో పెట్టొచ్చు. పాయలో నీళ్లు 100 వంతులు, లీటరుకి 5 గ్రాముల ఉప్పు అనుకోండి. రోజూ పోటుకి 30 గ్రాముల ఉప్పున్న నీళ్లు 10 వంతులు వచ్చి, పాతవి 10 పోతే, రేపటికి (90×5 + 10×30) ÷ 100 = 7.5. ఎల్లుండికి 9.75. అలా పెరిగి పెరిగి 30 దగ్గర ఆగుతుంది. అదే పైనుంచి రోజూ 20 వంతుల మంచినీరు కూడా దిగితే ఎంత కాలమైనా 10 దాటదు. నదిలో నీరు వదలడం ఎంత ముఖ్యమో చూడండి! అమావాస్య, పౌర్ణమి పోట్లకి ఆ 10 వంతుల్ని పెంచి వేసుకోవాలి. ఎంత పెంచాలో మన కొలతలే చెబుతాయి.

కొలతల్లో ఒక తిరకాసు ఉంది. నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కితే ఈసీ సుమారు 2 శాతం ఎక్కువ చూపిస్తుంది. లోతు తక్కువ పాయ ఎండతో పాటే కాగుతుంది. 25 డిగ్రీల దగ్గరా 33 దగ్గరా తీసిన అంకెల్ని అలాగే పోల్చకూడదు. వేడిని సరిచేసే మీటరు కొనండి, లేదా పక్కన థర్మామీటరు పెట్టి డిగ్రీలు కూడా రాసుకోండి.

మట్టి ఈసీ 3 దాటితే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది, బీన్స్‌కైతే 1 దాటితేనే. ఈసీ 3 అంటే లీటరుకి 2 గ్రాముల ఉప్పు. సముద్రపు నీళ్లలో 35 గ్రాములుంటుంది కాబట్టి, వంద లీటర్లలో ఆరు లీటర్లు కలిసినా అక్కడికి వచ్చేసినట్టే. ఆ నీళ్లతో జీవామృతం కలిపినా ఉప్పు ఎక్కడికీ పోదు, నేరుగా మట్టిలోకే చేరుతుంది.

నేను వారానికోసారి, పోటుకీ ఆటుకీ, పైనా అడుగునా కొలుస్తాను. అడుగు అంకె 1 దాటిన వారం నుంచి నారుమడికి చెరువు నీళ్లే. మూత బిగించిన సీసాకి రాయి కట్టి అడుగుకి దించి, అక్కడ మూత లాగి నీళ్లు తీయడం కింది వీడియోలో చూపించాను.