బొక్కలవాగు ఎందుకు వెనక్కి తంతది?

వాగు కట్ట మీద తీసిన వీడియో పైన ఉంది. అందులో పూర్తిగా చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్న.

మంథనికి పాత పేరు మంత్రకూటం. ఊరి పక్క నుంచి పారి గోదావరిలో కలిసే వాగే బొక్కలవాగు. గోదావరిఖని బొగ్గు దొరికే గోండ్వానా రాళ్ల పొరలు ఈ లోయవే.

వాగు నీళ్లు నదిలోకి దిగాలంటే నది మట్టం కిందుండాలె. 2019లో కాళేశ్వరం ప్రాజెక్టులో మంథనికి ఎగువన సుందిళ్ల, దిగువన 10.87 టీఎంసీల అన్నారం బ్యారేజీ వచ్చినయి. నది నిండితే వాగు నీళ్లకు దారి దొరకదు, వెనక్కి తన్ని చేన్లలోకి వస్తయి. 2022 జులై వరదలో మంథని ఊళ్లోకే నీళ్లొచ్చినయి. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగినంక అన్నారంలో నీళ్లు నిలపడం ఆపిన్రు. అయినా గోదావరికి పెద్ద వరదొస్తే వాగు తన్నుడు ఆగదు.

పారే నీళ్లు ఒండ్రు వేసి పోతయి. నిలిచిన నీళ్లు వేర్లకు గాలి ఆడనియ్యవు, పత్తి వడలిపోతది. డిప్లొమాలో నేను చదివింది ఇదే: సూక్ష్మజీవులకూ గాలి కావాలె. అందుకే ముందు కాలువ తీసి నీళ్లు వెళ్లగొట్టి, నేల పదునుకు వచ్చినంకనే జీవామృతం పోయండి.

పల్లంలో వరి, మెరకలో బోదెల మీద పత్తి, గట్టుకు వట్టివేరు పెట్టుకోండి. ఈ వానకాలం నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయో గూటాలు పాతండి. వచ్చే ఏడు ఏ పంట ఎక్కడ వేయాలో ఆ గూటాలే చెప్తయి.