ఆపిలుచెట్ల నిప్పుతెగులు

అమెరికా దేశములో ఆర్కన్సా రాష్ట్రపు వాయవ్య మూలను బెంటన్‌విల్ అను పట్టణము గలదు. నేడచ్చట నొక గొప్ప వర్తకసంస్థ ప్రధాన కార్యాలయముండుటచే తెలుగు కుటుంబములు పెక్కు కాపురమున్నవి. నూరేండ్లకు పూర్వము ఆ సీమకు పేరు దెచ్చినవి ఆపిలుతోటలే. 1901లో ఆ రాష్ట్రమువారు ఆపిలుపువ్వునే తమ రాష్ట్రపుష్పముగా నెంచుకొనిరి. ఆ పువ్వు ద్వారముననే చెట్టునకు చేటు వచ్చుట వింతయే గదా!

వసంతమున పూవులు వాడి గోధుమవన్నెకు తిరిగి, పిమ్మట నల్లబడును. లేతకొమ్మ కొన గొఱ్ఱెలకాపరి కొంకికఱ్ఱవలె వంగును. ఆకులు మాడియు రాలక వ్రేలాడును. నిప్పంటుకొన్నట్లు కనబడుటచే దీనికి నిప్పుతెగులని పేరు. మన వరిపైరున వచ్చు అగ్గితెగులు వేఱు; అది బూజుజాతివలన గలుగును. ఈ తెగులు బేరిచెట్లను మరింత త్వరగా చంపును.

పూర్వులు దీనికి పిడుగనియు, ఎండవేడిమియనియు, చెడిన రసమనియు పలువిధముల కారణములు చెప్పిరి. ఇల్లినాయి విశ్వవిద్యాలయపు బరిల్ పండితుడు 1880 ప్రాంతమున బాక్టీరియా యను సూక్ష్మజీవులే దీనికి మూలమని కనుగొనెను. బాక్టీరియావలన చెట్లకు రోగము వచ్చునని లోకమునకు తెలిసినది ఈ తెగులువలననే మొదలు. చలికాలమంతయు నవి బెరడు పుండ్లలో దాగియుండి, వెచ్చబడగానే జిగురుబొట్లుగా వెలికుబుకును. వానచినుకులును పురుగులును వాటిని పూవులకు చేర్చును. అటుపిమ్మట తేనెటీగలు పువ్వునుండి పువ్వునకు మోయును. బెంటన్‌విల్‌కు దక్షిణమున ఫేయెట్‌విల్‌లోని విశ్వవిద్యాలయమున రోజెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ చలికాలపు దాపును, వ్యాప్తిని పరిశోధించి 1929లో ప్రకటించెను.

తేనెటీగను తరుముట తగదు. అది లేనిదే కాయ లేదు. కాని మనుష్యుని చేతికత్తి మాట వేఱు. వేసవిలో రోగపుకొమ్మ కోసిన కత్తితోనే పక్క చెట్టును ముట్టినచో రోగము దానికిని అంటవచ్చును. కావున మాడినచోటికి క్రింద, మంచికట్టెలో జానెడునకు తక్కువగాక కోసి, ప్రతికోతకును కత్తిని సారాయిసత్తులో ముంచవలెను. మిగుల ఎరువువేసి లేతచిగుళ్ళు పెంచుటయు ప్రమాదమే. 1950 తరువాత స్ట్రెప్టోమైసిను అను మందు పూతకాలమున చల్లుట వాడుకలోనికి వచ్చినది. అయితే కొన్ని సీమలలో ఆ సూక్ష్మజీవి దానికి లొంగుట మానినది.

బెంటన్‌విల్ తోటలు తగ్గుటకు ఈ తెగులొక్కటియే హేతువని చెప్పరాదు. కాయతొలుచు పురుగును, అనావృష్టియు, ధరలు పడిపోవుటయు తోడైనవి. అచ్చటచ్చట మిగిలిన తోటలలో నేటికిని శీతకాలమున, చెట్లు నిద్రించువేళ, పనివారు పుండుపడిన కొమ్మలను వెదకి కోసి కాల్చుచుందురు.