నిలవని అవధానం

అష్టావధాన సభలో అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది అడుగుతారు, మరొకరు ఉండి ఉండి గంట కొడతారు. అప్రస్తుత ప్రసంగి పనల్లా అవధాని మనస్సును పక్కదారి పట్టించడమే. ఇన్నింటి నడుమ అవధాని పద్యాలన్నీ ధారణ చేసి చివరకు అప్పజెబుతాడు. మనస్సును నిలపడాన్నే ఒక సాహిత్యకళగా మలచుకున్నారు తెలుగువారు. అయితే కొందరు పిల్లలకు తరగతి గది అంతా అప్రస్తుత ప్రసంగులతో నిండిన సభ. కిటికీ అవతలి కాకి, పక్కవాడి పెన్సిలు, వీధిలో బస్సు హారను, అన్నీ ఒకే బలంతో వారిని పిలుస్తాయి. ఈ స్థితి తీవ్రమై చదువును, స్నేహాలను దెబ్బతీసినప్పుడు వైద్యులు దానిని అవధాన లోప, అతిచురుకుదన రుగ్మత అంటారు. ఏ.డి.హెచ్.డి. అన్న పొడి అక్షరాలతోనే అది ఎక్కువమందికి తెలుసు.

ఇళ్ళలో దీనికి వేరే పేర్లున్నాయి: పొగరు, సోమరితనం, లెక్కలేనితనం. 'తెలివి ఉంది, శ్రద్ధ లేదు' అన్న మాట ఏటేటా ప్రోగ్రెస్ కార్డులో కనిపిస్తుంది. వైద్యులూ మొదట ఇలాగే భావించారు. 1902లో లండన్‌లో జార్జి స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇటువంటి బాలలను గురించి ఉపన్యసిస్తూ దీనిని నైతిక నిగ్రహ లోపంగా వర్ణించాడు. అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ణయ గ్రంథంలో 1968లో అతిచలనానికి ప్రాధాన్యమిచ్చి, 1980లో అవధాన లోపాన్ని పేరులోకి తెచ్చింది. ఇప్పటి పేరు 1987లో స్థిరపడింది. నడవడి దోషమన్న భావం నుండి మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి అన్న అవగాహనకు రావడానికి ఇంతకాలం పట్టింది.

ఈ రుగ్మతను తేల్చే రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేదు. నిర్ధారణకు ఆధారం సాక్ష్యమే. పిల్లల మనోవైద్యుడు గాని, క్లినికల్ సైకాలజిస్టు గాని తల్లిదండ్రులతో విడిగా, పిల్లవాడితో విడిగా మాట్లాడతాడు. కాన్పు ఎలా జరిగింది, నడక, మాట ఎప్పుడు వచ్చాయి, మూర్ఛలు వచ్చాయా, నిద్ర ఎలా ఉంది, కుటుంబంలో ఇటువంటివారు ఇంకెవరైనా ఉన్నారా అని అడుగుతాడు. ఉపాధ్యాయులకు ప్రశ్నపత్రం పంపుతాడు. 6 నుండి 9 ఏళ్ళ పిల్లల కోసం మన దేశంలోనే రూపొందించిన ప్రశ్నావళి ఒకటి ఉంది. కొత్తచోట, ఎదుట పెద్దమనిషి కూర్చొని ఉండగా పిల్లవాడు అరగంట బుద్ధిగా కూర్చోవచ్చు. అంతమాత్రాన రుగ్మత లేదనడానికి వీల్లేదు. 'సినిమా అయితే మూడు గంటలు కదలకుండా చూస్తాడండీ' అనే తల్లి మాట కూడా అంతే. ఇష్టమైన వాటిపై నిలిచే మనస్సు అవసరమైన వాటిపై నిలవకపోవడమే ఇక్కడి చిక్కు.

అవధాన లోపానికి తొమ్మిది, అతిచురుకుదనానికీ తొందరపాటుకూ కలిపి తొమ్మిది లక్షణాలను పైన చెప్పిన గ్రంథం పేర్కొంటుంది. ఏదో ఒక వర్గంలో ఆరైనా ఆరు నెలలకు పైగా వయసుకు తగని స్థాయిలో కనిపించాలి. కొన్నైనా పన్నెండేళ్ళకు ముందే మొదలై ఉండాలి. ఇల్లు, బడి వంటి రెండు చోట్లనైనా బయటపడాలి. ఈ చివరి నియమం చాలా విలువైనది. బడిలో మాత్రమే అల్లరి చేసి ఇంట్లో నెమ్మదిగా ఉండే పిల్లవాడి విషయంలో ముందు బడినే పరిశీలించవలసి ఉంటుంది.

పోలికతో మోసపుచ్చే కారణాలు మరెన్నో ఉన్నాయి. చెవి సరిగా వినబడని పిల్ల పిలిస్తే పలకదు. ముక్కు వెనుక గ్రంథులు వాచి రాత్రంతా గురకపెట్టే పిల్లవాడు పగలు నిలకడ లేకుండా ఉంటాడు. అక్షరాలు పోల్చుకోలేని బాలుడు పుస్తకం మూసేస్తాడు. రక్తహీనత, ఆందోళన, ఇంట్లో తగవులు కూడా ఇటువంటి రూపాన్నే చూపుతాయి. వీటిని పరిశీలించి తోసిపుచ్చక ముందే నిర్ధారణ చేయడం తొందరపాటు. అవసరమైతే తెలివితేటల పరీక్ష, చదవడం, రాయడం, లెక్కల పరీక్షలు కూడా జరుపుతారు. అందువల్ల ఒక్క సందర్శనంతో పని పూర్తికావడం అరుదు.

ఆడపిల్లల విషయంలో పొరపాటు మరోవైపు జరుగుతుంది. బల్లలెక్కి దూకే బాలుడు అందరి కంటా పడతాడు. వెనుక వరుసలో మౌనంగా కూర్చొని ఎక్కడో తిరిగే మనస్సుతో పాఠం జారవిడుచుకునే బాలికను ఎవరూ ఆసుపత్రికి తీసుకువెళ్ళరు. ఆమె అల్లరి చేయదు కనుక ఆమె కష్టం లెక్కకు రాదు.

ఇటువంటివారిలో కొందరికి నిర్ధారణ పెద్దయ్యాకనే జరుగుతుంది. ఈ రుగ్మతలో వంశపారంపర్యం ప్రబలమైనది. కొడుకు కోసం ప్రశ్నపత్రం నింపుతూ తండ్రి తన బాల్యాన్నే అందులో చదువుకోవడం వైద్యులకు పరిచితమైన దృశ్యం. కరెంటు బిల్లు గడువు దాటడం, తాళాలు వెతకడంతో ప్రతి ఉదయం మొదలవడం, మొదలుపెట్టిన పనులన్నీ సగంలో ఆగడం పెద్దవారిలో కనిపించే లక్షణాలు. గెంతే కాళ్ళు ఆగినా లోపలి అలజడి ఆగదు. 2013లో వెలువడిన కూర్పు ప్రకారం పదిహేడేళ్ళు దాటినవారికి ఐదు లక్షణాలున్నా చాలు. అయితే బాల్యపు ఆనవాళ్ళు తప్పనిసరి కనుక పాత ప్రోగ్రెస్ కార్డులు, తల్లి లేదా అక్క చెప్పే మాటలు, జీవిత భాగస్వామి అనుభవం అన్నీ సాక్ష్యాలవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో రూపొందిన స్వీయ ప్రశ్నావళిలో మొదటి ఆరు ప్రశ్నలు ప్రాథమిక వడపోతకు పనికివస్తాయి. అది తలుపు తట్టడం వంటిదే. రోగనిర్ణయం మాత్రం కాదు.

నిర్ధారణ అయితే చిన్నపిల్లలకు ముందుగా తల్లిదండ్రుల శిక్షణ, బడిలో కూర్చునే చోటు మార్పు, పనిని చిన్న భాగాలుగా విడగొట్టడం సూచిస్తారు. అవసరమైనవారికి మిథైల్‌ఫెనిడేట్, ఆటోమాక్సిటిన్ వంటి మందులు వైద్యుని పర్యవేక్షణలో ఇస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో అభ్యసన వైకల్యం ఉన్నది గాని ఈ రుగ్మతకు విడిగా చోటు లేదు. అందువల్ల రెండూ ఉన్న విద్యార్థి అభ్యసన వైకల్య పరీక్ష కూడా చేయించుకోవడం అవసరం. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలు, బెంగుళూరులోని నిమ్హాన్స్ ఇటువంటి సేవలకు తెలిసిన చోట్లు. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారు 2022లో మొదలైన టెలిమానస్ ఉచిత సేవకు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు.