నల్లతెరపై చేవ్రాలు

నాగర్‌కర్నూలు జిల్లా ఉప్పునుంతలలో ఆదాయపత్రమునకో కులపత్రమునకో మీసేవా కేంద్రమునకు పోవువారు, తహసీలుదారు సిరాసంతకమునకు మారుగా డిజిటల్ సంతకమును చూచుటకు ఏనాడో అలవాటుపడిరి. 2011 నవంబరులో ఆనాటి ఉమ్మడి ప్రభుత్వము ఈ సేవను ఆరంభించునాటికి ఈ ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016లో జిల్లా మారినది గాని సంతకపు పద్ధతి మారలేదు. దానికి బలమొసగినది 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము. అధికారులకు అమరిన ఈ సాధనమువంటిదే, సామాన్యుని ఈమెయిలునకును కాసు ఖర్చులేక లభించునని యెరిగినవారు అరుదు.

ఈమెయిలుపై కనిపించు పంపినవారి పేరు వట్టి వ్రాతయే. లేఖలను చేరవేయు మూలనియమములు ఆ పేరు నిజమా యని అడుగవు. కావున హైదరాబాదులో కొలువు చేయు కుమారుని పేర, పొలము బయానా సొమ్మును ఫలానా ఖాతాకు పంపుమని ఉప్పునుంతలలోని తండ్రికి లేఖ వచ్చినచో, అది కుమారుడు వ్రాసినదే కావచ్చును, మరియొకని మాయయు కావచ్చును.

ఈ సంశయమును తీర్చు మార్గమునకు 1976లో డిఫీ, హెల్‌మన్ అను పండితులు పునాది వేయగా, 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ దానిని కార్యరూపమునకు తెచ్చిరి. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ అను ప్రోగ్రామును ప్రజల చేతికందించెను. జర్మనీ దేశీయుడగు వెర్నర్ కోఖ్ రచించిన గ్నూపీజీ 1999లో తొలి సంపూర్ణరూపము దాల్చి, నేటికిని ఉచితముగా లభించుచున్నది. దీనికి బొమ్మలును బొత్తాములును అక్కరలేదు. కమాండ్ లైన్ అను నల్లతెరపై జీపీజీ అని మొదలిడి ఆజ్ఞను టైపు చేసిన చాలును. మొదటి ఆజ్ఞ రెండు కీలను పుట్టించును: ఒకటి యజమాని చేయి దాటరాని రహస్య కీ, మరియొకటి ఎల్లరకు పంచదగిన బహిరంగ కీ. క్లియర్‌సైన్ అను ఆజ్ఞ నిచ్చినప్పుడు, ప్రోగ్రాము లేఖలోని అక్షరములన్నిటినుండి హ్యాష్ అను సంఖ్యాసారమును గణించి, దానిపై రహస్య కీని ప్రయోగించి, లేఖ యథాతథముగా చదువదగి యుండగనే దాని క్రింద చేవ్రాలును చేర్చును. అందుకొన్నవారు వెరిఫై అను ఆజ్ఞ నిచ్చి బహిరంగ కీతో పరీక్షింతురు; ఖాతా సంఖ్యలో ఒక్క అంకె మారినను బ్యాడ్ సిగ్నేచర్ అని తెర చాటును. లేఖను పరులకంట పడకుండ దాచుట మాత్రము చేవ్రాలు పని కాదు. దానికి ఎన్‌క్రిప్షన్ వేరుగా కలదు.

అయితే గుడ్ సిగ్నేచర్ అను మాట కనబడగనే నిశ్చింత పడరాదు. ఎవ్వరైనను ఎవ్వరి పేరనైనను కీని సృష్టింపవచ్చును గనుక, క్రొత్త కీ యెదురైనప్పుడు అది ఆ మనుష్యునిదే యనుటకు ఆధారము లేదని ప్రోగ్రామే హెచ్చరించును. గణితము కీకి సాక్ష్యము చెప్పును గాని మనిషికి చెప్పదు. ఆ లోటు పూడ్చుటకే ప్రతి కీకిని ఫింగర్‌ప్రింట్ అను గుర్తు, సాధారణముగా 40 అక్షరములది, ఏర్పడినది. పండుగకు ఊరికి వచ్చిన కుమారుడు తండ్రి యెదుట కూర్చుండి దానిని ఒక్కమారు సరిచూచిపోయినచో, రహస్య కీ భద్రముగా నున్నంతకాలము తరువాతి లేఖలను పోల్చుకొనుటకు అదియే ఆధారము.

పరిచయము లేనివారి నడుమ ఇట్లు సరిచూచుట పొసగదు గనుక, చట్టము ఆ భారమును లైసెన్సు పొందిన ధ్రువీకరణ సంస్థలపై నుంచినది; 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదున నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ బ్యాంకులకై ఆ బాధ్యత వహించిన సంస్థ. అధికారి చేవ్రాలు వెనుక అట్టి సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్టు నిలుచును. ఇంట పుట్టించుకొన్న గ్నూపీజీ కీకి ఆ దన్ను లేదు. తండ్రీకొడుకుల ఉత్తరములకు అది చాలును. పొలము రిజిస్ట్రేషనుకు చాలదు.