రాజకీయ ప్రశ్నకు భద్రతా ముద్ర

కొందరికి పూల పుప్పొడి తగిలితే తుమ్ములు, కళ్ల మంటలు మొదలవుతాయి. పుప్పొడి రోగక్రిమి కాదు. దానిని శత్రువుగా పొరబడిన మన రోగనిరోధక వ్యవస్థే ఆ బాధకు కారణం. దీనినే ఎలర్జీ అంటాం.

ప్రభుత్వాలకూ ఇలాంటి పొరపాటు జరగవచ్చు. చర్చతో తేలవలసిన సమస్యను 'భద్రతకు ముప్పు'గా ప్రకటించడాన్ని 'భద్రతీకరణ' అనవచ్చు. బ్యారీ బుజాన్, ఓలే వేవర్ మొదలైనవారు 1990లలో ఈ భావనను వివరించారు. ఆ ముద్ర పడగానే సంప్రదింపులు వెనక్కి పోయి, అసాధారణ చర్యలు సమంజసంగా కనబడతాయి.

మనకు దగ్గరి ఉదాహరణ చూద్దాం. బారిడీహ్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లా, ఖూంటీ జిల్లా రెండూ రాజ్యాంగం ఐదవ షెడ్యూలు ప్రాంతాలే. 1996 నాటి పెసా చట్టం ఇలాంటి ప్రాంతాల్లో గ్రామసభలకు ప్రత్యేక అధికారాలిచ్చింది. దాని అమలుకు కావలసిన నియమాలు ఝార్ఖండ్‌లో 2019 చివరికి కూడా రాలేదు. 2016లో భూమి చట్టాల సవరణ బిల్లులు శాసనసభలో ఆమోదం పొందడంతో ఆదివాసుల్లో ఆందోళన పెరిగింది. 2017లో ఆ బిల్లులను గవర్నరు తిప్పి పంపారు.

ఆ కాలంలోనే ఖూంటీ గ్రామాల్లో 'పత్థల్‌గడీ' ఉద్యమం వ్యాపించింది. పూర్వికుల జ్ఞాపకార్థం రాళ్లు నిలపడం ముండాల పాత ఆచారం. ఈసారి రాళ్లపై రాజ్యాంగ అధికరణలను, గ్రామసభ హక్కులను రాశారు. కొన్ని రాళ్లపై రాసిన భాష్యం చట్టం ముందు నిలవదు. 2018 జూన్‌లో ఒక పార్లమెంటు సభ్యుని ఇంటి కాపలా పోలీసులను అపహరించడం స్పష్టంగా నేరమే.

అయితే కేసులు నేరం చేసినవారితో ఆగలేదు. పేర్లు లేని వేలాదిమందిని కూడా నిందితులుగా చేర్చారు. రాజద్రోహం సెక్షను సైతం ప్రయోగించారు. నిందితుల సంఖ్య 10,000 పైనేనని పత్రికలు రాశాయి.

దీని ఫలితమేమిటి? పేరు లేని కేసులో ఎవరి పేరైనా చేరవచ్చు. కనుక ఊరంతటికీ భయం పట్టుకుంటుంది. భయపడినవారు సాక్ష్యం చెప్పడానికి ముందుకు రారు. అప్పుడు అసలు నేరస్థుని పట్టుకోవడమే కష్టమవుతుంది. భద్రత కోసం చేసిన పని భద్రతనే తగ్గిస్తుంది. గ్రామసభకు ఏ అధికారాలున్నాయన్న మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు దొరకదు.

2019 డిసెంబరు 29న కొత్త ప్రభుత్వం తన తొలి మంత్రివర్గ సమావేశంలోనే ఈ కేసుల ఉపసంహరణకు నిర్ణయించింది. 2022 మే 11న సుప్రీంకోర్టు రాజద్రోహం సెక్షను అమలును దేశమంతటా నిలిపివేసింది.

నిజమైన ముప్పులు లేవని దీని అర్థం కాదు. రోగనిరోధక శక్తి లేనిదే శరీరం బతకదు. ఏది క్రిమి, ఏది పుప్పొడి అని గుర్తించగలగడమే ఆరోగ్యం. నేరానికి దర్యాప్తు, ప్రశ్నకు సమాధానం: ఈ రెండింటినీ వేరుగా ఉంచడం ప్రజాస్వామ్యానికి ఆరోగ్య లక్షణం.